మాటకూ రసీదు ఉండాలి – విద్యార్థులు ఆధారాలు చూపే పద్ధతి



ఈ సంచికలో ప్రతి ఏటా లెక్కల పేజీ ఒకటి ఉంటుంది. చాలామంది దాతలు ముందు ఆ పేజీయే తిప్పి చూస్తారని నాకు తెలుసు. అందులో తప్పేమీ లేదు. జకాతు డబ్బు వేరు, సదకా డబ్బు వేరు. ఏది ఎవరిచ్చారు, ఏ బిడ్డ ఫీజుకు ఎంత వెళ్ళింది అన్నది రాసి ఉంటేనే ఆ డబ్బు అమానతుగా మన చేతిలో నిలుస్తుంది. వంద రూపాయలు తీసుకున్నా రసీదు చింపి ఇస్తాం. రసీదు అడిగితే అనుమానించారని ఎవరూ బాధపడరు.

మన డబ్బుతో చదువుకునే పిల్లలు రాసే ప్రాజెక్టులకు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుందని చెప్పడానికి ఈ వ్యాసం. విద్యార్థి పుస్తకం నుంచో, పత్రిక నుంచో, ఇంటర్నెట్ నుంచో ఒక మాట తీసుకున్నాడంటే అప్పు తీసుకున్నట్టే. ఎవరి దగ్గర, ఎక్కడ, ఎప్పుడు తీసుకున్నాడో రాసిపెడితే అది రసీదు. రాయకపోతే దాన్ని ఏమనాలో మీకు నేను చెప్పనక్కరలేదు.

"ఫీజు కట్టాం, పుస్తకాలు కొనిచ్చాం. ప్రాజెక్టు సంగతి కాలేజీ వాళ్ళు చూసుకుంటారు కదా సార్, అందులో మనకేం పని?" అని కిందటి సమావేశంలో ఒక దాత అడిగారు. ఆయనకు ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

వెనక్కి వచ్చిన ప్రాజెక్టు

మన రాష్ట్రంలో 2020-21లో డిగ్రీ కోర్సులు మారాయి. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ చదువులో భాగమయ్యాయి. అంతకుముందు పీజీకి వెళ్ళినవాళ్ళకే ప్రాజెక్టు రాసే పని ఉండేది. ఇప్పుడు డిగ్రీ మొదటి ఏడాది దాటిన పిల్లవాడు కూడా ఊళ్ళోకి వెళ్ళి విషయం సేకరించి నివేదిక రాయాలి. రాయమని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎలా రాయాలో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పేవాళ్ళు తక్కువ.

గుడుపల్లె మండలం నుంచి మన ఉపకార వేతనంతో చదువుతున్న అబ్బాయి ఒకడున్నాడు. తండ్రి రోజూ రైలెక్కి బెంగళూరుకు పనికి వెళ్ళి వస్తారు. ఈ అబ్బాయి చిగురుగుంట, బిసానత్తం బంగారు గనుల మీద ప్రాజెక్టు ఎంచుకున్నాడు. మంచి విషయం. కోలారు గనులు నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ సంస్థే వీటినీ నడిపింది. 2001లో గనులు మూతపడ్డాక చుట్టుపక్కల ఊళ్ళలో బతుకు ఎలా మారిందన్నది ఇంతవరకూ సరిగా రాసినవాళ్ళు లేరు. అబ్బాయి ఎండలో తిరిగాడు. గనుల్లో పనిచేసిన పదకొండు మంది పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని విన్నాడు. అరవై పేజీలు రాసి కాలేజీలో ఇచ్చాడు.

ప్రాజెక్టు తిరిగి వచ్చింది. పరీక్షకుడు మొదటి పేజీ మీద ఒక్కటే ప్రశ్న రాశారు: "ఇందులో నీది ఏది?"

అబ్బాయి నా దగ్గరకు తెచ్చాడు. చదివాను. గనుల చరిత్ర అని రాసిన ఇరవై పేజీలు నాలుగైదు వెబ్‌సైట్ల నుంచి దించినవి. ఒక పేజీలో కార్మికుల సంఖ్య ఒకటి, మూడు పేజీల తర్వాత ఇంకొకటి. "ఈ అంకె ఎక్కడిది నాయనా?" అంటే, "నెట్‌లోది సార్" అన్నాడు. "నెట్‌లో ఎక్కడ?" అంటే తల దించుకున్నాడు. నాకు ఎక్కువ బాధ కలిగించిన సంగతి ఇది కాదు. ముసలివాళ్ళు చెప్పిన విషయాలకు కూడా పేరు లేదు, ఊరు లేదు, తేదీ లేదు. లోపలి చీకటి గురించి, ఆ దుమ్ము వల్ల వచ్చిన దగ్గు గురించి ఒక తాత చెప్పిన మాటలు ఏ పుస్తకంలోనూ దొరకవు. అవి కూడా దించిన పేరాల మధ్య పడి దించినవాటిలాగే కనిపించాయి. అబ్బాయి సొంత కష్టం మొత్తం ఆ ఇరవై పేజీల కింద పూడిపోయింది.

మార్కులు ఆగాయి. మార్కుల జాబితా లేనిదే మన సొసైటీ మరుసటి ఏడాది వేతనం మంజూరు చేయదు. అది మనం పెట్టుకున్న నియమమే. ప్రాజెక్టుతో మనకేం పని అన్న ప్రశ్నకు నా జవాబు ఇది: ఒక బిడ్డ చదువు ఆగిపోయే చోటు అదైతే, అక్కడ మనకు పని ఉన్నట్టే.

మనకు కొత్త విద్య కాదు

ఆధారం చూపడం ఇంగ్లీషు చదువుతో వచ్చిన అలవాటని కొందరు అనుకుంటారు. మన మదరసాలో చదివిన చిన్నపిల్లవాడికి కూడా ఇస్నాదు అంటే తెలుసు. హదీసుకు రెండు భాగాలు. ఒకటి చెప్పిన విషయం, అంటే మత్న్. రెండోది ఎవరు ఎవరి దగ్గర విన్నారో చెప్పే వరుస, అంటే సనద్. ఇమామ్ బుఖారీ (మరణం హిజ్రీ 256, క్రీ.శ. 870), ఇమామ్ ముస్లిం (మరణం హిజ్రీ 261, క్రీ.శ. 875) తమ సంకలనాల్లో విషయానికి ముందు ఈ వరుసను రాశారు. వరుసలో ఉన్న మనిషి ఎక్కడివాడు, ఎప్పుడు పోయాడు, జ్ఞాపకశక్తి ఎలాంటిది, తాను విన్నానని చెప్పిన గురువును అసలు కలుసుకునే వీలుందా అని పరిశీలించడానికే ఒక శాస్త్రం పుట్టింది. ఇమామ్ బుఖారీ స్వయంగా అలాంటి ఉల్లేఖకుల వివరాలతో పెద్ద గ్రంథం కూర్చారు.

అల్ బిరూనీ క్రీ.శ. 1030 ప్రాంతంలో మన దేశం గురించి గ్రంథం రాసినప్పుడు సంస్కృతం నేర్చుకుని, తాను చూసిన సంస్కృత గ్రంథాల పేర్లు చెప్పి మరీ రాశాడు. తనది కాని మతం గురించి, తనది కాని దేశం గురించి రాస్తూ "వీళ్ళు ఇలా అంటారట" అని వదిలేయలేదు. అందువల్లనే వెయ్యేళ్ళ తర్వాత కూడా చరిత్రకారులు ఆ పుస్తకం తెరుస్తున్నారు.

హదీసు శాస్త్రం స్థాయి వేరు, డిగ్రీ ప్రాజెక్టు స్థాయి వేరు. రెండింటినీ ఒక గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. మాట వినగానే "ఎవరు చెప్పారు? ఆయనకు ఎలా తెలుసు?" అని అడిగే అలవాటు మాత్రం ఒకటే. అది మన ఇంట్లోనే ఉంది. పిల్లలకు గుర్తు చేస్తే చాలు.

మదనపల్లె వాళ్ళం మనమే తప్పు చెబితే

ఆధారం చూడకపోతే ఏమవుతుందో మన దగ్గరి ఉదాహరణే చూద్దాం. ప్రతి జనవరి, ఆగస్టు నెలల్లో మన ఫోన్లలో ఒక సందేశం తిరుగుతుంది. జనగణమన గీతాన్ని ఠాగూర్ మదనపల్లెలో రాశారని. మనకూ గర్వంగా ఉంటుంది, నలుగురికి పంపిస్తాం. అది నిజం కాదు. ఆ గీతాన్ని ఠాగూర్ బెంగాలీలో రాశారు. 1911 డిసెంబర్ 27న కలకత్తా కాంగ్రెస్ సభల్లో తొలిసారి పాడారు. 1919 ఫిబ్రవరిలో ఆయన మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడు చేసింది దాని ఇంగ్లీషు అనువాదం. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ స్వరరచనలో పాలు పంచుకున్నారు. 1950 జనవరి 24న అది జాతీయగీతమైంది.

నిజం చిన్నదేమీ కాదు, మన ఊరికి దక్కిన గౌరవం తక్కువా కాదు. పిల్లవాడు ఆ ఫోన్ సందేశాన్ని ప్రాజెక్టులో రాస్తే మాత్రం, తెలిసిన పరీక్షకుడు ఆ ఒక్క వాక్యంతో మిగతా నలభై పేజీలనూ అనుమానిస్తాడు.

ఇంకొక ఉదాహరణ. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారు. పుట్టిన తేదీ కొన్ని పుస్తకాల్లో మే 11 అని, కొన్నింటిలో మే 12 అని ఉంటుంది. అర్ధరాత్రి దాటాక పుట్టడం, మన పంచాంగంలో రోజు తెల్లవారుజామున మొదలవడం ఈ తేడాకు కారణమని చెబుతారు. ఇలాంటి చోట విద్యార్థి తనకు నచ్చిన తేదీ వేసుకుని పోకూడదు. "ఫలానా పుస్తకంలో 11, ఫలానా పుస్తకంలో 12" అని రెండూ చూపాలి. అప్పుడు అది తప్పు కాదు, పరిశోధన అవుతుంది.

ఏది చూపాలి, ఏది అక్కరలేదు

"ప్రతి వాక్యానికీ ఎక్కడిదో రాస్తూ పోతే నేను రాసేది ఏముంటుంది సార్?" అని పిల్లలు అడుగుతారు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, కుప్పం చిత్తూరు జిల్లాలో ఉంది లాంటి అందరికీ తెలిసిన విషయాలకు ఆధారం అక్కరలేదు. నాలుగు రకాలకు తప్పనిసరి:

1. అంకెలు, తేదీలు, గణాంకాలు.
2. ఇంకొకరి మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసినప్పుడు. వీటికి ఉద్ధరణ చిహ్నాలు కూడా పెట్టాలి.
3. ఇంకొకరి ఆలోచనను మన మాటల్లో చెప్పినప్పుడు. మాటలు మనవైనా ఆలోచన వారిదే.
4. ఫోటోలు, పటాలు, పట్టికలు.

మూడో దానిలో మన పిల్లలు ఎక్కువగా జారిపడతారు. ఇంగ్లీషు పేరా తీసుకుని తెలుగులోకి మార్చి, "నేనే రాశాను సార్" అంటారు. అబద్ధం చెబుతున్నామని వాళ్ళకు తెలియదు, అనువాదం కష్టమే కదా అనుకుంటారు. కష్టం నిజమే, ఆ కష్టానికి విలువ ఉంది. అందుకే "అనువాదం నాది" అని రాసుకునే హక్కు ఉంది. విషయం మాత్రం మొదట రాసినవారిది. ఉర్దూ నుంచి తెలుగుకు తెచ్చినా అంతే.

అచ్చు పుస్తకం, పత్రిక

పుస్తకం చేతిలోకి తీసుకోగానే, చదవడానికి ముందే, లోపలి ముఖపత్రం, దాని వెనుక పేజీ చూసి ఇవి రాసుకోవాలి: రచయిత పేరు, పుస్తకం పేరు, ఎన్నో ముద్రణ, ప్రచురణకర్త, ఊరు, సంవత్సరం. విషయం తీసుకున్న తర్వాత పుట సంఖ్య. పుట సంఖ్య లేకపోతే, వీధి పేరు చెప్పి ఇంటి నంబరు చెప్పనట్టే.

ముద్రణ ఎందుకంటే, సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వచ్చింది. తర్వాత ఎన్నోసార్లు, వేర్వేరు సంస్థల నుంచి మళ్ళీ అచ్చయింది. ఒక ముద్రణలో 120వ పుటలో ఉన్న విషయం ఇంకొక ముద్రణలో అక్కడే ఉండదు. ఏ ముద్రణ చూశామో చెప్పకపోతే పుట సంఖ్య ఇచ్చినా వృథా.

పేర్ల విషయంలో మన పిల్లలకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇంగ్లీషు పద్ధతుల్లో ఇంటిపేరు ముందు రాసి, కామా పెట్టి, సొంత పేరు రాయమంటారు. తెలుగులో ఇంటిపేరు ముందే ఉంటుంది కాబట్టి తిప్పాల్సిన పని లేదు. షేక్, సయ్యద్, పఠాన్ అని మొదలయ్యే పేర్లను ఒకరు ఇంటిపేరుగా రాస్తారు, ఒకరు వదిలేస్తారు, ఒకరు ఒక్క అక్షరంతో సరిపెడతారు. ముఖపత్రం మీద పేరు ఎలా ఉందో అలాగే రాయడం, వ్యాసం మొత్తంలో ఒకేలా రాయడం అన్నిటికన్నా మంచిది. ఆధారాల జాబితాలో డాక్టర్, ప్రొఫెసర్, మౌలానా, గారు అక్కరలేదు. అది అగౌరవం కాదు. ఆ జాబితాలో అందరికీ ఒకటే వరస.

పాత ఉర్దూ పుస్తకాల మీద హిజ్రీ సంవత్సరం మాత్రమే ఉంటుంది. దాన్ని తీసేసి ఇంగ్లీషు సంవత్సరం వేయకూడదు. పుస్తకంలో ఉన్నది రాసి పక్కన బ్రాకెట్లో సరిపోయే సంవత్సరం ఇవ్వాలి. హిజ్రీ 1342 అంటే 1923-24. హిజ్రీ ఏడాది రెండు ఇంగ్లీషు సంవత్సరాల మీద పడుతుంది కాబట్టి రెండూ రాయడం క్షేమం.

దినపత్రిక అయితే పత్రిక పేరు, ఏ ఊరి ఎడిషన్, తేదీ, పేజీ, వార్త శీర్షిక కావాలి. జిల్లా పేజీల్లో వచ్చే వార్త ఇంకొక జిల్లా ఎడిషన్‌లో ఉండకపోవచ్చు. కత్తిరించి దాచుకున్న వార్త ముక్క మీద తేదీ రాసుకోకపోతే మరుసటి ఏడాదికి అది ఉత్త కాగితం.

ఖుర్ఆన్ నుంచి అయితే సూరా, ఆయతు సంఖ్యలు, ఎవరి అనువాదమో పేరు రాయాలి. హదీసు అయితే సంకలనం, అందులోని అధ్యాయం, సంఖ్య రాయాలి. ప్రచురణను బట్టి హదీసు సంఖ్యలు మారుతుంటాయి, అందుకే అధ్యాయం కూడా ఉండాలి. "ఒక హదీసులో ఉంది" అని రాయడం ఎవరికీ తగదు, మన పిల్లలకు అసలే తగదు.

ఇంటర్నెట్‌లో దొరికింది

అచ్చు పుస్తకం ఒకసారి అచ్చయ్యాక మారదు. ఇంటర్నెట్ పేజీ ఈ రోజు ఉన్నట్టు రేపు ఉండదు. అందుకే ఇక్కడ ఇంకొంచెం ఎక్కువ రాసుకోవాలి: రాసినవారి పేరు, పేజీ శీర్షిక, వెబ్‌సైట్ పేరు, పెట్టిన తేదీ, పూర్తి చిరునామా, మనం చూసిన తేదీ. రాసినవారి పేరు లేకపోతే ఆ సంస్థ పేరు రాయాలి. సంస్థ పేరు కూడా తెలియకపోతే ఆ పేజీని నమ్మాలా అని ముందు ఆలోచించాలి. గూగుల్ ఆధారం కాదు. అది దారి చూపించే మనిషి లాంటిది. దారి చూపినవాడి పేరు కాదు, చేరిన ఇంటి పేరు రాయాలి.

చూసిన తేదీ ఎందుకని అడిగేవాళ్ళకు మన జిల్లానే జవాబు. 2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో జిల్లాలు మారాయి. అప్పటిదాకా చిత్తూరు జిల్లాలో ఉన్న మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళింది. అప్పుడు పుంగనూరు, కుప్పం చిత్తూరులోనే ఉండిపోయాయి. ఆ తేదీకి ముందు పెట్టిన పేజీలో చిత్తూరు జిల్లా జనాభా అంటే ఒకటి, తర్వాత పెట్టిన పేజీలో అంటే వేరొకటి. రెండూ సరైనవే. తేదీ రాయని విద్యార్థి రెండింటినీ ఒక పట్టికలో పక్కపక్కనే పెట్టి జిల్లాలో జనం తగ్గిపోయారని తేల్చేస్తాడు.

పేజీ మాయమైపోతే? ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ వారి వేబ్యాక్ మెషీన్ 2001 నుంచి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. మనం చూసిన పేజీ చిరునామా అందులో ఇస్తే ఆ రోజు ఉన్న రూపాన్ని దాచిపెడుతుంది. ముఖ్యమైన పేజీని ఇలా దాచి ఆ చిరునామా కూడా రాయడం మంచి పద్ధతి. పరిశోధన వ్యాసాలకు డీఓఐ అనే శాశ్వత సంఖ్య ఉంటే వెబ్ చిరునామా బదులు అదే రాయాలి. వెబ్‌సైట్ మారినా ఆ సంఖ్య మారదు.

యూనివర్సిటీల్లో ఆమోదం పొందిన పీహెచ్‌డీ గ్రంథాలు శోధ్‌గంగలో ఉచితంగా చదవవచ్చు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దాన్ని నడుపుతోంది. మనకు దగ్గరలో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997 నుంచి ఉంది. బస్సు చార్జీలు పెట్టుకుని వెళ్ళలేని పిల్లలకు ఫోన్‌లోనే దొరికే చదువు ఇది. పాత పుస్తకాల స్కాన్ ప్రతులు చదివితే అచ్చు పుస్తకం వివరాలన్నీ రాసి, స్కాన్ ప్రతి ఎక్కడ చూశామో చివర చేర్చాలి.

వికీపీడియా మొదట చదవడానికి బాగుంటుంది. అక్కడితో ఆగకూడదు. పేజీ అడుగున ఇచ్చిన మూలాలు తెరిచి చదివి, వాటినే ఆధారంగా చూపాలి. తెరవకుండా ఆ మూలం పేరు మాత్రం దించుకోవడం, చూడని పెళ్ళికి సాక్షి సంతకం పెట్టడమే.

యూట్యూబ్ వీడియో అయితే ఛానల్ పేరు, వీడియో పేరు, తేదీ, ఏ నిమిషంలో ఆ మాట ఉందో రాయాలి. మన గనుల అబ్బాయి చూసిన వీడియోల్లో కేజీఎఫ్ సినిమా కథ, కోలారు గనుల చరిత్ర కలిసిపోయి ఉన్నాయి. సినిమా కల్పన. వీడియోలో చెప్పే ఆయన తనకు ఎలా తెలుసో చెప్పకపోతే దాన్ని పక్కన పెట్టాలి. వాట్సాప్‌లో వచ్చినది ఆధారం కానే కాదు. దాని మూలం దొరికితే మూలాన్ని రాయాలి, దొరకకపోతే ఆ విషయమే వదిలేయాలి.

ఇప్పుడు చాట్‌జీపీటీ లాంటివి వచ్చాయి. అడగగానే చక్కటి జాబితా ఇస్తాయి. ఆ జాబితాలో అసలు లేని పుస్తకాలు, రాయని రచయితలు కూడా ఉంటారు. ఆ యంత్రం చెప్పిన పుస్తకాన్ని విద్యార్థి తన కళ్ళతో చూసేదాకా జాబితాలో చేర్చకూడదు. దాని సాయం తీసుకుంటే తీసుకున్నానని చెప్పాలి.

పేర్ల వర్ణక్రమం కూడా చూసుకోవాలి. చిగురుగుంట అని ఒకచోట, చిగర్‌గుంట అని ఇంకొకచోట, ఇంగ్లీషులో మరో రకంగా ఉంటుంది. ఒక రకంతో వెతికి ఏమీ దొరకలేదని ఆగిపోకుండా అన్ని రకాలుగా వెతకాలి. రాసేటప్పుడు ఒకే రూపం వాడి, ఆధారంలో ఉన్న రూపం మాత్రం ఉన్నట్టే ఉంచాలి.

మనుషులు చెప్పింది

మన పల్లెల గురించి పుస్తకాల్లో ఉన్నది తక్కువ, మనుషుల దగ్గర ఉన్నది ఎక్కువ. అందుకే ఈ భాగం మన పిల్లలకు అన్నిటికన్నా ముఖ్యం. ఎవరు చెప్పారు, వయసు, ఊరు, చేసిన పని, మాట్లాడిన తేదీ రాసుకోవాలి. ముందే అనుమతి అడగాలి: "తాతా, మీ పేరు రాయొచ్చా?" వద్దంటే "మాజీ గని కార్మికుడు, బిసానత్తం ప్రాంతం" అని రాస్తే చాలు. ఫోన్‌లో రికార్డు చేస్తే ఆ సంగతి చెప్పి చేయాలి. ఇరవై ఏళ్ళ కిందటి సంగతుల్లో పెద్దవాళ్ళ జ్ఞాపకం తేదీల దగ్గర తప్పవచ్చు. అందుకని తేదీ పత్రిక నుంచి, అనుభవం మనిషి నుంచి తీసుకోవాలి.

తప్పితే శిక్ష ఏమిటి

యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2018లో దీని మీద నిబంధనలు తెచ్చింది. పరిశోధన గ్రంథంలో ఇతరుల రాతతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 శాతం వరకు అయితే ఆరు నెలల గడువులోపు సరిదిద్ది ఇవ్వాలి. 40 దాటి 60 వరకు అయితే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వడానికే వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఆధారం చూపి ఉద్ధరించిన భాగాన్ని, ఆధారాల జాబితాను ఈ లెక్కలోకి తీసుకోరు. అంటే అదే పేరా, పేరు చెప్పి రాస్తే చదువు, చెప్పకుండా రాస్తే నేరం. మధ్యలో తేడా ఒక్క పంక్తి.

పద్ధతుల పేర్లు చూసి పిల్లలు భయపడతారు. ఏపీఏ, ఎంఎల్ఏ, షికాగో అని చాలా ఉన్నాయి. సాంఘిక శాస్త్రాల్లో ఒకటి, సాహిత్యంలో ఒకటి ఎక్కువగా వాడతారు. కామా ఎక్కడ, సంవత్సరం ఎక్కడ అన్నదే ముఖ్యంగా తేడా. గైడు ఏది చెబితే అది మొదటి నుంచి చివరి దాకా పాటిస్తే సరిపోతుంది. వివరాలు రాసిపెట్టుకుని ఉంటే ఏ పద్ధతిలోకి మార్చడానికైనా ఒక సాయంత్రం పని. వివరాలు లేకపోతే నెల రోజులు వెతికినా దొరకవు.

దాతలు చేయగలిగినది

నేను అడిగేవి మూడే.

ఒకటి, ఉపకార వేతనంతో పాటు ప్రతి విద్యార్థికి ఒక గీతల నోటుపుస్తకం ఇద్దాం. దాని పేరు ఆధారాల పుస్తకం. చదివిన రోజే వివరం అందులో ఎక్కించాలి. పెద్ద ఖర్చు కాదు.

రెండు, రెన్యువల్ ఇంటర్వ్యూలో మార్కులు అడిగినట్టే, ఆ పుస్తకం తెరిచి ఏదో ఒక పంక్తి చూపించి "ఇది ఎక్కడిది బేటా?" అని అడగండి. ఇందుకు మీరు డిగ్రీ చదివి ఉండనక్కరలేదు. దుకాణంలో బిల్లు చూసే కన్ను ఉంటే చాలు.

మూడు, మన సంగతి. ఈ సంచికలోనే కిందటి ఏళ్ళలో మన మసీదుల గురించి, దర్గాల గురించి, పాత పాఠశాలల గురించి మంచి వ్యాసాలు వచ్చాయి. వాటిలో చాలా వాటికి ఎవరు చెప్పారు, ఏ దస్తావేజులో ఉంది అన్న మాట లేదు. రేపు ఏ పిల్లవాడైనా తన ఊరి మసీదు చరిత్ర రాయాలంటే ఈ సంచికే తెరుస్తాడు. పెద్దలం మనమే రసీదు ఇవ్వకుండా పిల్లల్ని అడిగితే ఏం బాగుంటుంది? ఇక నుంచి వ్యాసం ఇచ్చేవారు ఆధారం కూడా ఇవ్వాలని, సంచిక మీద సంవత్సరం, లోపల పుట సంఖ్యలు స్పష్టంగా వేయాలని, గ్రంథాలయాలకు ఒక్కొక్క ప్రతి పంపాలని కోరుతున్నాను. మీ ఇళ్ళలో పాత పత్రికలు, కరపత్రాలు, ఉర్దూ పుస్తకాలు ఉంటే తూకానికి వేసే ముందు ఒక్కసారి మాకు చూపించండి.

గనుల అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాను. దించిన ఇరవై పేజీలు తీసేశాడు. వాటి బదులు ఆధారాలు చూపుతూ ఆరు పేజీలు రాశాడు. మళ్ళీ ఆ పదకొండు మంది దగ్గరకు వెళ్ళి పేర్లు, తేదీలు రాసుకున్నాడు. ఇద్దరు పేరు వద్దన్నారు, ఒకాయన అప్పటికే కన్నుమూశారు. ఆయన కొడుకు అనుమతితో ఆయన పేరు చేర్చాడు. అరవై పేజీలు నలభై ఆరయ్యాయి. ఈసారి తిరిగి రాలేదు. మార్కులూ వచ్చాయి, ఈ ఏడాది వేతనమూ మంజూరైంది.

ఆ తాత పేరు ఇప్పుడు ఒక కాగితం మీద ఉంది. ఆయన మాట ఆయనదిగానే నిలిచింది. మన పిల్లల చేతిలోకి వచ్చిన ప్రతి అమానతునూ, అది డబ్బయినా మాటయినా, యజమాని పేరుతో సహా కాపాడే బుద్ధిని అల్లాహ్ వారికి ప్రసాదించుగాక. ఆమీన్.